మలి ప్రయత్నం మార్కు: దంతవైద్య సీటులో న్యాయం ఎంత?

ఒకే ప్రవేశ పరీక్షను ఒక విద్యార్థి రెండు మూడుసార్లు రాస్తే ఏ మార్కును అతని అర్హతగా తీసుకోవాలి? పైకి ఇది కౌన్సెలింగ్ నిబంధన. దాని అడుగున ఉన్నది మాత్రం ధర్మశాస్త్రాలూ దర్శనాలూ చాలాకాలంగా తేల్చుకోజూస్తున్న ప్రశ్న. మనిషిని గడిచిన ఫలితాలతో తూచాలా, ఇవాళ్టి సామర్థ్యంతో తూచాలా? తొలిసారే గట్టెక్కినవారినీ, తప్పి మళ్లీ నిలబడినవారినీ ఒకే వరుసలో కూర్చోబెట్టడం సమానత్వమా, ఇద్దరి మధ్య ఉన్న తేడాను కప్పిపుచ్చడమా? ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో బైపీసీ చదివే పిల్లలున్న ఇళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు. ఇంటర్ అయ్యాక ఏడాది పాటు ‘లాంగ్ టర్మ్’లో కూర్చుని నీట్ మళ్లీ రాయడం అక్కడ మామూలు సంగతి. ఎంబీబీఎస్ కోసం రాసి బీడీఎస్‌లో చేరేవారూ ఉన్నారు, వచ్చిన బీడీఎస్ సీటు వదులుకుని మళ్లీ పుస్తకాలు పట్టేవారూ ఉన్నారు.

నిబంధన ఏం చెబుతుంది

తెలంగాణలో బీడీఎస్ ప్రవేశాలకు నీట్ యూజీ ఒక్కటే దారి. కౌన్సెలింగ్ జరిపేది వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. మెరిట్ జాబితాకు ఆధారం ఆ ఏడాది నీట్ మార్కే. నిరుడు అంతకన్నా ఎక్కువ వచ్చినా లాభం లేదు, అంతకన్నా చాలా తక్కువ వచ్చినా నష్టం లేదు. నీట్ స్కోర్ కార్డులో పేరు, రోల్ నంబరు, కేటగిరీ, సబ్జెక్టుల వారీ పర్సెంటైల్, 720కి వచ్చిన మార్కులు, అఖిల భారత ర్యాంకు ఉంటాయి. ఇది ఎన్నో ప్రయత్నమో చెప్పే గడి ఉండదు. ఎన్నిసార్లు రాయవచ్చన్నదానికి పరిమితి లేదు. గరిష్ఠ వయసు నిబంధనను కూడా 2022లో ఎత్తేశారు.

ఆ ఏడాది మార్కునే చూడడానికి ఒక ఆచరణాత్మక కారణం ఉంది. ఏ రెండేళ్ల ప్రశ్నపత్రాలూ ఒక్కలా ఉండవు. 2024లో సవరించిన ఫలితాల తరవాత కూడా 17 మంది 720కి 720 తెచ్చుకున్నారు. 2025లో దేశంలోకెల్లా ఎక్కువ మార్కు 686. కాబట్టి ఒక ఏడాది ఆరు వందలు మరో ఏడాది ఆరు వందలతో సమానం కావు. పాత మార్కును కొత్త మార్కు పక్కన పెట్టి సగటు తీస్తే ఆ లెక్కకు అర్థమే ఉండదు.

‘తప్పడం’ అన్నది కూడా స్థిరమైన విషయం కాదు. జనరల్ అభ్యర్థికి 50వ పర్సెంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు 40వ పర్సెంటైల్ అర్హత రేఖ. అయితే 2020-21లో దేశవ్యాప్తంగా బీడీఎస్ సీట్లు వేల సంఖ్యలో ఖాళీగా మిగిలాయి. హర్షిత్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఆ రేఖను పది పర్సెంటైల్ కిందికి దించమంది. డిసెంబరులో అర్హత లేని విద్యార్థి, తానేమీ కొత్తగా చదవకుండానే, ఫిబ్రవరికి అర్హుడయ్యాడు. అతని తెలివి మారలేదు, గీత మారింది. అలాంటి గీతకు కింద ఉండిపోయిన సంగతిని ఏళ్ల తరబడి ఒకరి మీద మచ్చలా మోపడం తర్కానికి నిలవదు.

లెక్కించే పద్ధతులు, వాటి వెనక ఉన్న మనిషి

మళ్లీ రాసిన మార్కును లెక్కించే పద్ధతులు స్థూలంగా నాలుగు. ఒక్కోదాని వెనక మనిషి గురించి ఒక్కో నమ్మకం ఉంది.

మొదటిది, చివరి మార్కునే లెక్కించడం. నీట్ దారి ఇదే. బ్రిటన్‌లో దంతవైద్యానికి రాసే యూక్యాట్ కూడా ఇంతే: ఏడాదికి ఒక్కసారే రాయాలి, ఆ మార్కు ఆ ఏడాది దరఖాస్తులకే చెల్లుతుంది. ఇక్కడ మనిషంటే ఇప్పుడున్న మనిషే.

రెండోది, మేలైన మార్కును ఉంచుకోవడం. జేఈఈ మెయిన్ రెండు విడతల్లో ఏది ఎక్కువైతే అది నిలుస్తుంది. ఇంటర్ ఇంప్రూవ్‌మెంట్‌లోనూ ఇదే పద్ధతి. ఒకసారి చూపించిన శక్తి మనిషిలో ఉన్నట్టే, మరోసారి తగ్గడం ఆనాటి పరిస్థితి అన్నది దీని భావం. ఇందులో ఒక లోపం ఉంది. ప్రతి పరీక్షలోనూ అదృష్టం పాలు కొంత ఉంటుంది. ఎక్కువసార్లు రాసినవారికి ఆ అదృష్టం తగిలే అవకాశమూ ఎక్కువ.

మూడోది, అన్ని ప్రయత్నాలనూ బయట పెట్టడం. అమెరికాలో పెరిగిన తెలుగు పిల్లలు దంతవైద్యానికి రాసే డాట్‌లో పాత ప్రయత్నాల మార్కులూ కళాశాలలకు వెళ్తాయి. చివరిది చూడాలా, ఎక్కువది చూడాలా, సగటు తీయాలా అన్నది ఒక్కో కళాశాల ఒక్కోలా నిర్ణయించుకుంటుంది. ఈ పద్ధతిలో మనిషంటే ఒక చరిత్ర. మార్కులు పెరుగుతూ వస్తే పట్టుదలగా చదువుతారు, ఒకేచోట ఆగిపోతే అదే హద్దు అనుకుంటారు.

నాలుగోది, మళ్లీ రాసినవారిని అసలు పరిగణించకపోవడం. దీనికి ఉదాహరణ ఉమ్మడి ఆదిలాబాద్‌లోనే దొరుకుతుంది. బాసరలోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం మాటలో బాసర ట్రిపుల్ ఐటీ, 2008లో మొదలైంది. పదో తరగతి ఫలితాలతో సీట్లు ఇచ్చే ఈ సంస్థ, ఆ ఏడాది తొలి ప్రయత్నంలోనే ఉత్తీర్ణులైనవారిని మాత్రమే అర్హులుగా తీసుకుంటుంది. అదే సంస్థ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు వెనుకబాటును గుర్తించి అదనపు పాయింట్లు కలుపుతుంది. ఒక చేత్తో మలి ప్రయత్నానికి తలుపు మూసి, మరో చేత్తో పేద పిల్లలకు తెరిచింది. తొలి ప్రయత్నానికి విలువ ఇవ్వాలంటే, ఆ తొలి ప్రయత్నం ఎలాంటి బడి నుంచి జరిగిందో కూడా చూడాలన్న గ్రహింపు ఆ రెండు నిబంధనల జంటలో ఉంది.

తెలంగాణ స్థానికత నిబంధనల్లోనూ తొలి ప్రయత్నపు నీడ ఉంది. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు స్థానిక అభ్యర్థిని నిర్వచిస్తూ, అర్హత పరీక్షకు ‘మొదటిసారి’ హాజరైన ఏడాదితో ముగిసే నాలుగేళ్ల చదువు ఎక్కడ సాగిందో చూడమంది. ఇంటర్ ఎన్నిసార్లు రాసినా, మనిషి ఎక్కడివాడన్నది తొలిసారి రాసిన ఏడాదితోనే తేలుతుంది. అంటే ఊరి విషయంలో చట్టం గతాన్ని గుర్తుపెట్టుకుంటుంది, సత్తా విషయంలో నీట్ దాన్ని పక్కన పెడుతుంది. ఎక్కడి నుంచి వచ్చారన్నది మారదు, ఏం చేయగలరన్నది మారుతుంది. కాబట్టి ఈ రెండింటికీ పొత్తు కుదురుతుంది.

దర్శనాలు ఏమంటాయి

కర్మ సిద్ధాంతం అనగానే గతం వెంటాడుతుందన్న భావమే ముందు వస్తుంది. తొలిసారి తప్పిన విద్యార్థిని ‘రాత ఇంతే’ అని ఊరడించే మాటలో ఉన్నది అదే. కానీ సంప్రదాయం అక్కడితో ఆగలేదు. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని కర్మను మూడుగా విడగొట్టడంలోనే, చేయబోయే పనికి చోటు మిగిలింది. యోగవాసిష్ఠం మరో అడుగు ముందుకు వేసి, దైవమన్నది వెనకటి ప్రయత్నానికి మరో పేరేనని, ఇప్పటి ప్రయత్నం బలమైనదైతే పాతదాన్ని నెగ్గుతుందని వాదించింది.

మలి ప్రయత్నానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే ఘట్టం భగవద్గీత ఆరో అధ్యాయంలో ఉంది. శ్రద్ధ ఉండీ మధ్యలో దారి తప్పిన సాధకుడి గతేమిటని అర్జునుడు అడుగుతాడు. అటు లోకానికీ ఇటు మోక్షానికీ కాకుండా పోతాడా అన్నది అతని భయం. లాంగ్ టర్మ్‌లో ఏడాది పెట్టి, డిగ్రీ సీటూ పోయి, డాక్టరు సీటూ రాని పిల్లల తల్లిదండ్రుల భయం అచ్చం ఇదే. కృష్ణుడి జవాబు ఏమంటే, అలాంటివాడి కృషి ఏదీ వృథా కాదు, మరు జన్మలో పాత సంస్కారాన్ని అందుకుని ఆగినచోటి నుంచే ముందుకు సాగుతాడు. గమనించవలసింది ఏమంటే, వెనకటి వైఫల్యం అక్కడ అనర్హతగా లెక్కకు రాలేదు. వెనకటి సాధన మాత్రం పెట్టుబడిగా మిగిలింది. నీట్ మళ్లీ రాసే విద్యార్థి విషయంలో జరుగుతున్నదీ అదే. పాత మార్కు చెరిగిపోతుంది, పాత చదువు మిగులుతుంది.

బౌద్ధం ఇదే ప్రశ్నను మనిషి గుర్తింపు వైపు నుంచి అడిగింది. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో సాతవాహనుల నాటి స్తూపం ఉంది. అలాంటి స్తూపాలు వెలసిన కాలానికే బౌద్ధుల్లో బలంగా నడిచిన చర్చ ఇది. మిళింద పన్హలో రాజు అడిగిన ప్రశ్నకు నాగసేనుడు చెప్పిన సారాంశం ఒక్కటే: మళ్లీ పుట్టినవాడు పాతవాడే అనడానికి లేదు, వేరేవాడనడానికీ లేదు. నిరుడు రాసిన విద్యార్థికీ ఈ ఏడాది రాసిన విద్యార్థికీ ఈ మాట సరిగ్గా అతుకుతుంది. పాతవాడే అయితే పాత మార్కు కూడా చూడాలి, పూర్తిగా వేరైతే పాత చదువు పనికిరాకూడదు. రెండూ నిజం కావు గనుక చివరి మార్కును తీసుకోవడమే మధ్యేమార్గం. అంగుళిమాలుడి కథ ఇంకొంచెం కఠినమైన పాఠం చెబుతుంది. హంతకుడు భిక్షువుగా మారాక సంఘంలో అతనికి చోటు దొరికింది. భిక్షకు వెళ్లినప్పుడు జనం విసిరిన రాళ్లు మాత్రం అతనికి తగిలాయి. చోటు ఇవ్వడం వేరు, గతం తాలూకు బరువు తొలగిపోవడం వేరు.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. అంగుళిమాలుడిది పాపం. పరీక్ష తప్పడం పాపం కాదు. ఇస్లాంలోని తౌబాలోనూ, క్రైస్తవుల పశ్చాత్తాపంలోనూ ఉన్న క్షమ తప్పు చేసినవారి కోసం. మార్కు తక్కువ వచ్చినవారు ఎవరికీ అపచారం చేయలేదు కాబట్టి వారిని మన్నించవలసిందేమీ లేదు. పాత మార్కును లెక్కించకపోవడం దయ చూపడం కాదు, సామర్థ్యాన్ని సరిగా కొలవడం. ఈ తేడా మరిచినప్పుడే ‘రిపీటర్’ అన్న మాట మెల్లగా తిట్టులోకి దిగుతుంది.

ఈ ప్రాంతపు భక్తి ఆచారాల్లోనూ ఈ అవగాహన ఉంది. బాసర సరస్వతి సన్నిధిలో అక్షరాభ్యాసం చేయించేటప్పుడు పసివాడి వేళ్లు పట్టుకుని పలక మీద దిద్దిస్తారు. తొలి గీత వంకరగా వచ్చిందని ఎవరూ దాన్ని లెక్కపెట్టరు, దాని మీదే మళ్లీ మళ్లీ దిద్దిస్తారు. పెద్దయ్యాక అదే పిల్లవాడి హాల్ టికెట్టు అమ్మవారి ముందు పెట్టి పూజ చేయించేవారూ ఉన్నారు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు మొక్కినవారు, కోరిక తీరకపోతే దేవుడు ఒకసారి కాదన్నాడని మానుకోరు. మళ్లీ అడగడం అక్కడ తప్పుకాదు.

సీటు ఎవరికి చెందాలి

వేణువులు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్నకు అరిస్టాటిల్ జవాబు, బాగా వాయించేవారికి అని. వంశమూ అందమూ అక్కడ పనికిరావు. ఆ లెక్కన దంతవైద్య సీటు మంచి దంతవైద్యులు కాగలవారికి చెందాలి. పన్ను పీకించుకునే రోగికి డాక్టరు నీట్‌ను ఎన్నోసారికి గట్టెక్కారన్నది పట్టదు. చెయ్యి నేర్పుగా ఆడుతుందా లేదా అన్నదే ముఖ్యం.

నిజానికి నీట్ ఆ చేతిని కొలవనే కొలవదు. భౌతిక, రసాయన, జీవశాస్త్రాల్లో 180 ప్రశ్నలకు ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు నింపడమే పరీక్ష. చేతి పని బీడీఎస్ మొదటి ఏడాదిలో మొదలవుతుంది. మైనపు దిమ్మను చిన్న కత్తితో చెక్కుతూ కోర పన్ను, దవడ పన్ను ఆకారాలు తేవాలి. వంపు ఒక పిసరు ఎక్కువైనా దిమ్మ పారేసి మళ్లీ చెక్కాలి, సరిగ్గా వచ్చేదాకా రికార్డులో సంతకం పడదు. కెనడాలో ప్రవేశ పరీక్షలోనే ఒకప్పుడు సబ్బుముక్కను చెక్కించేవారు. మళ్లీ మళ్లీ చేసి నేర్చుకునే వృత్తిలోకి వెళ్లే తలుపు దగ్గర, మళ్లీ చేయడాన్నే లోపంగా చూడడం వింతగా ఉంటుంది.

అయినా తొలిసారి గెలిచినవారి వాదనలో కొంత న్యాయం ఉంది. తాము పదిహేడేళ్ల వయసులో ఇంటర్ పరీక్షలతో పాటే నీట్ రాశామని, అవతలివారు ఏడాదంతా ఆ ఒక్క పరీక్షకే కూర్చున్నారని వారంటారు. రెండు మార్కులు సమానమైనా రెండు పరుగులు సమానం కావన్నది వారి మాట. ఒకప్పుడు నియమాలు ఈ విషయంలో పెద్దవారి వైపే మొగ్గాయి. 2020లో ఇద్దరికి 720కి 720 వస్తే వయసులో పెద్దవారికి మొదటి ర్యాంకు దక్కింది. 2021లో ఆ వయసు నిబంధనను తీసేశారు. సమాన మార్కుల మధ్య మాత్రం వయసును చూడకపోవడం సబబే. అంతకు మించి పాత ప్రయత్నాలకు కోత పెట్టాలంటే, ఆ కోత ఎవరి మీద పడుతుందో చూడాలి.

మళ్లీ రాసే హక్కు, మళ్లీ రాసే స్తోమత

ఆదిలాబాద్ పత్తి రైతు వానాకాలం మొదట్లో విత్తి, తరవాత చినుకు రాకపోతే రెండోసారి విత్తుతాడు. మార్కెట్ యార్డులో ఆ పత్తి ఎన్నో విత్తనానిదని ఎవరూ అడగరు, ధర ఒక్కటే. షావుకారు ఖాతాలో మాత్రం రెండు విత్తనాల ఖర్చూ పడి ఉంటుంది. నీట్ మెరిట్ జాబితాకూ లాంగ్ టర్మ్ ఫీజుకూ ఉన్న సంబంధం ఇలాంటిదే. జాబితా మలి ప్రయత్నాన్ని చూడదు, ఇంటి అప్పు చూస్తుంది.

జాన్ రాల్స్ 1971లో వెలువరించిన ‘ఎ థియరీ ఆఫ్ జస్టిస్’లో మనిషి చేసే కృషి కూడా అతని కుటుంబం, పరిస్థితుల మీద ఆధారపడి ఉంటుందని చూపించాడు. పట్టుదలకు పూర్తి ప్రతిఫలం ఇవ్వాలనేవారు, ఆ పట్టుదల పెంపకంలో ఇంటి పాలు ఎంతో చూడడం లేదన్నది దాని సారం. 2022 జనవరిలో నీల్ ఆరేలియో న్యూన్స్ కేసులో సుప్రీంకోర్టు కూడా, పోటీ పరీక్షల మార్కు కొన్ని వర్గాలకు కలిసొచ్చిన సామాజిక, ఆర్థిక అనుకూలతలను చూపదని స్పష్టం చేసింది. పొరుగున తమిళనాడులో జస్టిస్ ఎ.కె. రాజన్ కమిటీ 2021 నివేదికలో, వైద్య సీట్లు పొందినవారిలో మళ్లీ రాసినవారి వాటా 2016-17లో సుమారు 12 శాతం ఉండగా 2020-21 నాటికి 71 శాతం దాటిందని లెక్కగట్టింది. అంటే రెండో ప్రయత్నం దాదాపు తప్పనిసరి మెట్టుగా మారిపోయింది. ఆ మెట్టు ఎక్కాలంటే ఏడాది పాటు సంపాదన మానుకోవాలి, హాస్టల్, కోచింగ్ ఫీజులు కట్టాలి.

కొత్త జిల్లాల్లో వైద్య కళాశాలలు వచ్చాయి. ఆదిలాబాద్ రిమ్స్ 2008లోనే మొదలైంది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండం, 2023లో కరీంనగర్, నిర్మల్, ఆసిఫాబాద్, సిరిసిల్ల చేరాయి. ఎంబీబీఎస్ సీట్లు పెరిగినందువల్ల మళ్లీ రాయడానికి ఆశా పెరిగింది. కానీ ఉట్నూరు ఏజెన్సీ గిరిజన గూడెం నుంచి వచ్చిన బాలికకూ, కరీంనగర్ పట్టణంలో ఉద్యోగస్తుల ఇంటి పిల్లవాడికీ ఆ ఆశ ఒకే ధరకు దొరకదు. మొదటివారికి తొలి ప్రయత్నమే ఉన్న ఒక్క ప్రయత్నం. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ గురుకులాలు లాంగ్ టర్మ్ నీట్ శిక్షణ మొదలుపెట్టడానికి కారణం ఈ తేడాయే. మళ్లీ రాసినవారికి మార్కులు కోస్తే ఈ బాలికకు మేలు జరగదు. అప్పు చేసి రెండోసారి కూర్చున్న ఇలాంటి పిల్లల మీదే ఆ కోత ముందు పడుతుంది.

తమ ప్రమేయం లేని మలి పరీక్ష

విద్యార్థి తానుగా కోరుకోకుండానే మళ్లీ రాయవలసి వస్తే ప్రశ్న ఇంకా చిక్కబడుతుంది. 2016లో తెలంగాణలో అదే జరిగింది. ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్ల కోసం జులై 9న జరిగిన ఎంసెట్-2 ప్రశ్నపత్రం లీకైనట్టు సీఐడీ దర్యాప్తులో బయటపడింది. పరీక్ష రద్దయి, సెప్టెంబరు 11న ఎంసెట్-3 పెట్టారు. నిజాయితీగా మంచి ర్యాంకు తెచ్చుకున్నవారి మార్కూ, పేపరు కొన్నవారి మార్కూ కలిసే చెరిగిపోయాయి. అదే ఏడాది నీట్ రెండో దశ రాయదలచినవారు మొదటి దశ మార్కును వదులుకోవాలని సుప్రీంకోర్టు షరతు పెట్టింది. ఆ వదులుకోవడం అభ్యర్థి ఎంచుకున్నది, ఎంసెట్‌లో పోగొట్టుకోవడం అలాంటిది కాదు.

2024 నీట్‌లో ఈ తేడాను కొంత పట్టించుకున్నారు. సమయం నష్టపోయారని గ్రేస్ మార్కులు ఇచ్చిన 1,563 మందికి, ఆ మార్కులు తీసేసి, జూన్ 23న మళ్లీ రాయడమా, గ్రేస్ లేని పాత మార్కుతో ఉండడమా అన్నది వారికే వదిలేశారు. 813 మంది మళ్లీ రాశారు. మొత్తం పరీక్షను రద్దు చేయడానికి సుప్రీంకోర్టు జులైలో నిరాకరించింది. దీన్నుంచి తేలే సూత్రం ఏమంటే, గతాన్ని చెరిపే హక్కు అభ్యర్థి చేతిలో ఉంటే అది అవకాశం. వ్యవస్థ తన తప్పుకు బలవంతంగా చెరిపితే అది నష్టం, దానికి పరిహారం ఉండాలి.

తీర్పు

చివరి మార్కునే లెక్కించే పద్ధతి లోపాలు లేనిది కాదు గాని, ఉన్నవాటిలో న్యాయానికి దగ్గరగా ఉన్నది అదే. ఏటేటా మారే గీతలను అది మనిషి విలువగా పొరబడదు, నేర్చుకోవడానికి ఉన్న శక్తిని కాదనదు, రోగి ప్రయోజనానికి అడ్డు రాదు. భగవద్గీత చెప్పిన సాధకుడికైనా, నాగసేనుడు చెప్పిన మనిషికైనా ఇదే సరిపోతుంది. అయితే గతాన్ని చూడకపోవడం మెరిట్ జాబితాకు చెల్లుతుంది గాని ప్రభుత్వానికి చెల్లదు. తొలిసారి ఎవరు ఎందుకు తప్పారో, మళ్లీ రాసే స్తోమత ఎవరికి లేదో గుర్తుపెట్టుకోవలసిన బాధ్యత దానిదే. మండల కేంద్రాల గురుకులాల దాకా ఉచిత లాంగ్ టర్మ్ శిక్షణ చేరినప్పుడే, మలి ప్రయత్నాన్ని ప్రశ్నించకుండా సీటు ఇచ్చే నిబంధన పూర్తి న్యాయం అవుతుంది. అప్పటిదాకా అది సగం న్యాయమే.